హైదరాబాద్ నుంచి డల్లాస్ ఎంత దూరం, ఎన్ని గంటలు: దూరం లెక్కించే వెబ్‌సైట్లపై ఒక సమీక్ష

మా ఆవిడకు చాలా ఏళ్లుగా మధుమేహం ఉంది. రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ తీసుకుంటుంది. డల్లాస్‌లో ఉంటున్న మా అబ్బాయి దగ్గరకు వెళ్లాలని నిర్ణయించుకున్నప్పుడు, ఖమ్మంలో మేము చూపించుకునే డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న టికెట్ ధర గురించో, వీసా గురించో కాదు. "హైదరాబాద్‌లో విమానం ఎక్కినప్పటి నుంచి అక్కడ దిగేదాకా మొత్తం ఎన్ని గంటలు మాస్టారూ? అది తెలిస్తే ఏ మోతాదు ఎప్పుడు వేసుకోవాలో రాసిస్తాను" అన్నారు. లెక్కల మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు తేలికేనని అనుకున్నాను. ఆ జవాబు కోసం నేను వాడిన వెబ్‌సైట్లలో ఏది ఎంతవరకు పనికివచ్చిందో, ఏది తప్పుదారి పట్టించిందో, నాలాగే పిల్లల దగ్గరకు మొదటిసారి వెళ్లబోయే తల్లిదండ్రుల కోసం వివరంగా రాస్తున్నాను.

మొదట నేను చూసిన వెబ్‌సైట్ పేరు చెప్పను. అలాంటివి చాలా ఉన్నాయి, అన్నీ ఇంచుమించు ఒకే అచ్చులో ఉంటాయి. రెండు ఊళ్ల పేర్లు ఇస్తే దూరం, ప్రయాణ సమయం, కాల వ్యత్యాసం చూపిస్తాయి. హైదరాబాద్, డల్లాస్ అని ఇచ్చినప్పుడు అది సుమారు 14,400 కిలోమీటర్ల దూరమనీ, విమాన ప్రయాణ సమయం 16 గంటల 30 నిమిషాలనీ చూపింది. ఆ అంకెనే నేను డాక్టరు గారికి చెప్పాను, ఆయన దాని ప్రకారమే ఇన్సులిన్ పట్టిక వేసి ఇచ్చారు. వారం తర్వాత అబ్బాయి టికెట్లు పంపినప్పుడు చూస్తే దుబాయ్‌లో నాలుగు గంటల విరామంతో కలిపి మొత్తం ప్రయాణం 24 గంటలకు పైనే ఉంది. అసలు హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు నేరుగా వెళ్లే విమానమే లేదు. ఆ సంగతి ఆ పేజీలో ఎక్కడా రాసి లేదు. పట్టిక పట్టుకుని మళ్లీ డాక్టరు గారి దగ్గరకు వెళ్లి, మధ్యలో ఒక పూట ఎక్కువ కలిపి రాయించుకోవలసి వచ్చింది. టికెట్లు ముందే వచ్చాయి కాబట్టి సరిపోయింది. ఆ పట్టికతోనే విమానం ఎక్కి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికి ఇప్పటికీ మనసొప్పదు.

ఆ పదహారున్నర గంటలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకోవాలన్న పట్టుదలతోనే నేను ఈ విషయంలోకి దిగాను. కాగితం మీద వేసి చూస్తే రహస్యం రెండు నిమిషాల్లో బయటపడింది. 14,400 కిలోమీటర్లను గంటకు 900 కిలోమీటర్ల వేగంతో భాగిస్తే సరిగ్గా 16 గంటలు వస్తుంది. పైకి లేవడానికి, కిందికి దిగడానికి అరగంట కలిపితే 16 గంటల 30 నిమిషాలు. అంతే. ఇందులో గాలి లేదు, దారి లేదు, విరామం లేదు, అసలు విమానమే లేదు. ఉన్నది ఒక భాగహారం మాత్రమే. ఆ భాగహారాన్ని "ప్రయాణ సమయం" అనే పేరుతో, నిమిషాలతో సహా చూపించడం నాకు తీవ్రంగా అభ్యంతరకరంగా తోచింది, ఎందుకంటే నిమిషాల దాకా చెప్పిన అంకెను ఎవరైనా కొలిచి చెప్పిన అంకెగానే తీసుకుంటారు.

అయితే దూరం అంకె సంగతి వేరు. దాన్ని సరిచూసుకోవడానికి నేను రెండు పనులు చేశాను. మొదటిది, బడి రోజుల్లో వాడిన గ్లోబు ఒకటి ఇంట్లో ఉంటే, దాని మీద హైదరాబాద్ దగ్గర దారం ఒక కొస నొక్కిపెట్టి రెండో కొసను డల్లాస్ దాకా బిగువుగా లాగి చూశాను. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు కాబట్టి చుట్టుకొలత 94 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు గనుక ఒక్కో సెంటీమీటరుకు దాదాపు 425 కిలోమీటర్లు వస్తాయి. దారం పొడవు 34 సెంటీమీటర్లు ఉంది. గుణిస్తే 14,450. వెబ్‌సైట్ చెప్పిన దూరానికి ఇది ఎంత దగ్గరగా ఉందో చూసి, చాలా కాలం తర్వాత తరగతి గదిలో నిలబడ్డంత సంతోషం కలిగింది.

రెండో పని, గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే ఉచిత వెబ్‌సైట్‌ను వెతికి పట్టుకోవడం. విమానయానంపై ఆసక్తి ఉన్నవాళ్లకు ఇది ఎప్పటి నుంచో తెలిసిన సాధనమే. నాకు మాత్రం మా అబ్బాయి స్నేహితుడొకరు చెప్పారు. ఈ సమీక్షలో నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేసేది దీనినే. చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. ఒక గడిలో విమానాశ్రయాల మూడక్షరాల కోడ్‌లను మధ్యలో చిన్న గీత పెట్టి రాయాలి. హైదరాబాద్‌కు హెచ్‌వైడి, డల్లాస్‌కు డీఎఫ్‌డబ్ల్యూ. వెంటనే ప్రపంచ పటం మీద రెండు చోట్లనూ కలిపే వంపు గీత, దాని పొడవు కనిపిస్తాయి. దూరం మొదట మైళ్లలో చూపుతుంది. కిలోమీటర్లకు గానీ నాటికల్ మైళ్లకు గానీ మార్చుకునే వీలుంది. మూడు నాలుగు ఊళ్లను వరసగా కలిపి రాస్తే మజిలీలతో సహా మొత్తం దూరం వస్తుంది. మధ్యలో కామా పెట్టి రెండు మూడు దారులను ఒకే పటం మీద పక్కపక్కన పోల్చుకోవచ్చు. ఈ చివరి సౌకర్యం ఎంత విలువైనదో తర్వాత చెబుతాను.

ఆ గీత ఎందుకు వంపు తిరిగి ఉందని మా ఆవిడ అడిగింది. మంచి ప్రశ్న. భూగోళం మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారి భూకేంద్రం గుండా కోసిన మహావృత్తం (గ్రేట్ సర్కిల్) మీద ఉంటుంది. దాన్ని చదునైన పటం మీదికి దించినప్పుడు అది వంగినట్లు కనిపిస్తుంది గానీ, గ్లోబు మీద బిగించిన దారం మాత్రం తిన్నగానే ఉంటుంది. పటంలో చూస్తే అమెరికా మనకు పడమర దిక్కున ఉన్నట్లు అనిపిస్తుంది. కానీ హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, డల్లాస్ 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉన్నాయి. రెంటి మధ్య తేడా 175 డిగ్రీలు దాటుతుంది. అంటే భూమికి ఇంచుమించు అటు పక్కన ఇటు పక్కన ఉన్నట్లే. అందువల్ల శంషాబాద్ నుంచి డల్లాస్‌కు అతి దగ్గరి దారి పడమరకు కాదు, దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి పోతుంది. గీతను పెద్దది చేసి చూస్తే అది ఢిల్లీ నగరం మీదుగా సాగి, కారకోరం పర్వతాల్లో కే2 శిఖరం దగ్గర దాటి, మధ్య ఆసియా, సైబీరియాల మీదుగా ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల చేరువ దాకా పోయి, అక్కడి నుంచి కెనడా మీదుగా టెక్సాస్‌లోకి దిగుతుంది. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు వృత్తాలు, గోళాలు చెప్పిన నాకు ఈ ఒక్క పటం ఇచ్చిన ఆనందం మాటల్లో చెప్పలేనిది.

కచ్చితత్వం విషయంలోనూ దీనికి పూర్తి మార్కులు ఇవ్వాలి. చాలా వెబ్‌సైట్లు భూమిని సంపూర్ణ గోళంగా భావించి, వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లుగా తీసుకుని లెక్కవేస్తాయి. నిజానికి భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం సుమారు 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర సుమారు 6,357 కిలోమీటర్లు. ఆ ఇరవై ఒక్క కిలోమీటర్ల చదును వల్ల దూరంలో వచ్చే తేడా అర శాతం లోపే ఉంటుంది. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ ఆ చదునును కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ప్రయాణికుడికి దీని వల్ల ఒరిగేది పెద్దగా లేదన్నది నిజమే గానీ, లెక్క చేసేవాడు శ్రద్ధగా చేశాడన్న నమ్మకం కలుగుతుంది.

మైళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మామూలు మైలు అంటే 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. హైదరాబాద్–డల్లాస్ దూరం మామూలు మైళ్లలో సుమారు 8,960, నాటికల్ మైళ్లలో సుమారు 7,790. నాకు తెలిసిన ఒకాయన ఈ రెండు అంకెలనూ రెండు వేర్వేరు చోట్ల చూసి, రెండోది దగ్గరి దారి అనుకున్నారు. అది దారిలో తేడా కాదు, కొలబద్దలో తేడా.

ఊరి పేర్లతో వెతికే వెబ్‌సైట్ల కంటే కోడ్‌తో వెతికేది మేలని నేను గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. హైదరాబాద్ అనే ఊరు పాకిస్తాన్‌లోని సింధ్‌లోనూ ఉంది. అక్కడి విమానాశ్రయం కోడ్ హెచ్‌డీడీ. పేరు కొట్టి మొదట కనిపించినదాన్ని నొక్కితే లెక్క సింధు నది ఒడ్డు నుంచి మొదలవుతుంది. డల్లాస్‌లోనూ రెండు విమానాశ్రయాలు ఉన్నాయి. మన వాళ్లు దిగే డల్లాస్ ఫోర్ట్‌వర్త్ ఒకటి, నగరం లోపల ఉన్న లవ్ ఫీల్డ్ మరొకటి. మన దగ్గరే 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైనప్పుడు హెచ్‌వైడి అనే మూడక్షరాల కోడ్ బేగంపేట నుంచి అక్కడికి మారింది. నాలుగక్షరాల కోడ్ మాత్రం కొత్తది పెట్టారు. అందువల్ల పాత నాలుగక్షరాల కోడ్ ఇస్తే ఇప్పటికీ బేగంపేటే వస్తుంది. పద్నాలుగు వేల కిలోమీటర్ల లెక్కలో ఈ పాతిక కిలోమీటర్ల తేడా పట్టించుకోనక్కర్లేదు, కానీ సింధ్ తేడా అలాంటిది కాదు.

ఇక అసలు సమస్య అయిన సమయం దగ్గరకు వస్తాను.

మా ప్రయాణంలో దుబాయ్ నుంచి డల్లాస్ వెళ్లే విమానంలో సీటు ముందున్న తెర మీద వేగం, ఎత్తు, ఎదురుగాలి వివరాలు నేను చిన్న పుస్తకంలో రాసుకుంటూ కూర్చున్నాను. దుబాయ్–డల్లాస్ మహావృత్త దూరం సుమారు 12,900 కిలోమీటర్లు. భాగహారం చేసే వెబ్‌సైట్ ప్రకారం ఇది పద్నాలుగు గంటల యాభై నిమిషాల ప్రయాణం. టైమ్ టేబుల్‌లో ఉన్నది పదహారు గంటల పైచిలుకు. వెళ్లేటప్పుడు నేల మీద లెక్కించే వేగం చాలా సేపు 820, 830 దగ్గరే ఉండిపోయింది. నాలుగు నెలల తర్వాత తిరిగి వచ్చేటప్పుడు అదే తెర మీద వేగం ఒక దశలో 1,050 దాటింది. విమానం రెండుసార్లూ ఒకే రకం, ఇంజన్లూ అవే. మారింది గాలి.

భూమికి తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, సరిగ్గా పెద్ద విమానాలు ఎగిరే పొరలో, పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహాలు సాగుతుంటాయి. చలికాలంలో వీటి బలం పెరుగుతుంది. గంటకు 200 కిలోమీటర్ల గాలి అక్కడ విశేషమేమీ కాదు. అమెరికా వెళ్లేటప్పుడు సాధారణంగా ఈ గాలికి ఎదురు పోవాలి, వచ్చేటప్పుడు దాని మీద ఎక్కి రావచ్చు. 2020 ఫిబ్రవరిలో సియారా తుఫాను సమయంలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. దూరం సుమారు 5,540 కిలోమీటర్లు. భాగహారం చెప్పే సమయం ఆరున్నర గంటల పైన. ఆ రోజు అదే దూరాన్ని ఎదురుగా దాటవలసిన విమానాలకు ఎంత కష్టమై ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇక్కడ చాలామంది అనుకునే మాట ఒకటుంది: పోయేటప్పుడు కోల్పోయిన సమయం వచ్చేటప్పుడు కలిసివస్తుంది కదా, సగటున వెబ్‌సైట్ అంకె సరిపోతుందని. అది కూడా నిజం కాదు, లెక్క చూడండి. 12,900 కిలోమీటర్ల దూరం, గంటకు 900 వేగం, సగటున 80 కిలోమీటర్ల గాలి అనుకుందాం. గాలే లేకపోతే ఒక్కో వైపు 14 గంటల 20 నిమిషాలు. ఎదురుగాలిలో వేగం 820కి తగ్గుతుంది కాబట్టి 15 గంటల 44 నిమిషాలు. వెనక నుంచి తోసే గాలిలో వేగం 980కి పెరుగుతుంది కాబట్టి 13 గంటల 10 నిమిషాలు. పోయేటప్పుడు నష్టం 84 నిమిషాలు, వచ్చేటప్పుడు లాభం 70 నిమిషాలే. ఎందుకంటే ఎదురుగాలిలో ఎక్కువ సేపు ఉంటాం, అనుకూల గాలిలో తక్కువ సేపు ఉంటాం. ఏటికి ఎదురీది తిరిగి వచ్చే పడవ లెక్కగా పదో తరగతి పిల్లలకు చెప్పేది ఇదే. రెండు దిక్కులకూ ఒకే సమయం చూపే ఏ వెబ్‌సైట్ అయినా ఈ పడవ లెక్కను మరచిపోయిందని అర్థం.

దూరానికి, సమయానికి మధ్య ఉన్న సంబంధం ఎంత వదులుగా ఉంటుందో తెలియజెప్పే ఉదాహరణ మన దేశంలోనే ఉంది. ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు నేరుగా విమానం మొదలుపెట్టింది. మొదట అట్లాంటిక్ వైపు నుంచి, అంటే పడమర దిక్కుగా నడిపేవారు. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దాన్ని తూర్పుకు తిప్పి పసిఫిక్ మహాసముద్రం మీదుగా పంపారు. ఈ దారి సుమారు 15,300 కిలోమీటర్లు. అంటే 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినా విమానం పద్నాలుగున్నర గంటల్లో చేరింది; పాత దారితో పోలిస్తే దాదాపు రెండు గంటలు ముందుగా. భాగించి చూస్తే నేల మీద సగటు వేగం గంటకు వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. ఆ అదనపు వేగమంతా గాలి ఇచ్చినదే. ఇప్పుడు ఈ రెండు ఊళ్లనూ దూరం వెబ్‌సైట్‌లో ఇచ్చి చూడండి: మహావృత్త దూరం సుమారు 12,400 కిలోమీటర్లు, సమయం 14 గంటల 15 నిమిషాల దగ్గర చూపిస్తుంది. పద్నాలుగున్నరకు ఎంత దగ్గరగా ఉందో అనిపిస్తుంది. కానీ మూడు వేల కిలోమీటర్లు తక్కువ వేసిన దూరాన్ని, వంద కిలోమీటర్లకు పైగా తక్కువ వేసిన వేగంతో భాగించగా అనుకోకుండా వచ్చిన దగ్గరితనం అది. పరీక్షలో రెండు తప్పులు చేసి సరైన జవాబు తెచ్చుకున్న విద్యార్థికి నేను మార్కులు వేసేవాణ్ని కాదు, దీనికీ వేయను.

గాలి తర్వాత రెండో అడ్డంకి గగనతలం. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ గీసే గీతకు దేశాల సరిహద్దులతో పని లేదు, విమానానికి ఉంది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తర్వాత రష్యా గగనతలం యూరప్ విమానాలకు మూతపడింది. ఫిన్‌లాండ్ రాజధాని హెల్సింకి నుంచి టోక్యోకు మహావృత్త దూరం సుమారు 7,800 కిలోమీటర్లు. ఫిన్‌ఎయిర్ విమానాలు అంతకుముందు తొమ్మిదిన్నర గంటల్లో వెళ్లేవి, తర్వాత పదమూడు గంటల వరకు పట్టసాగింది. దూరం వెబ్‌సైట్లలో మాత్రం ఆ రెండు ఊళ్ల మధ్య సమయం తొమ్మిది గంటల పైచిలుకే. మనకూ ఇది దూరపు సంగతి కాదు. పాకిస్తాన్ గగనతలం 2019 ఫిబ్రవరి నుంచి జులై వరకు మూతపడింది, మళ్లీ 2025 ఏప్రిల్‌లో భారతీయ విమానాలకు మూతపడింది. ఢిల్లీ నుంచి పడమరకు వెళ్లే మన సంస్థల విమానాలు చుట్టు తిరిగి పోవలసి రావడంతో ప్రయాణ సమయాలు పెరిగాయి. రెండు విమానాశ్రయాలు ఒక్క అంగుళం కూడా కదలలేదు.

పర్వతాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పటం మీద గీత చూసినప్పుడు మా ఆవిడ "మనం హిమాలయాల మీదుగా పోతామా" అని ఆశగా అడిగింది. పోము. విమానంలో గాలి పీడనం పడిపోతే పైలట్లు వెంటనే సుమారు 10,000 అడుగులకు, అంటే మూడు వేల మీటర్ల ఎత్తుకు దిగాలి. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే 4,500 మీటర్లు దాటుతుంది; కే2 శిఖరం ఎత్తు 8,611 మీటర్లు. దిగడానికి చోటు లేని నేల మీదుగా ఎక్కువ దూరం పోవడాన్ని విమానయాన సంస్థలు వీలైనంతవరకు తప్పిస్తాయి. కాబట్టి మన గీత ఎంత అందంగా ఉన్నా, ఆ గీత మీద మనల్ని ఎవరూ తీసుకెళ్లరు.

ఇన్ని పరిమితులు చెప్పాక, ఈ సాధనం నాకు ఎక్కడ నిజంగా మేలు చేసిందో చెప్పకపోతే అన్యాయం. మజిలీ ఎక్కడ పెట్టుకోవాలన్న ప్రశ్నకు ఇది ఇచ్చినంత స్పష్టమైన జవాబు నాకు మరెక్కడా దొరకలేదు. దుబాయ్ మీదుగా పోతే బాగా చుట్టు తిరిగినట్లని, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే దగ్గరని, దోహా ఇంకోలా అని బంధువులు తలా ఒక మాట చెప్పారు. మూడు దారులనూ కామాలతో కలిపి ఒకే పటం మీద వేశాను. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా సుమారు 15,400 కిలోమీటర్లు, దుబాయ్ మీదుగా సుమారు 15,500, దోహా మీదుగా సుమారు 15,650. నేరు దూరం 14,400 కంటే ఏడు నుంచి తొమ్మిది శాతం మాత్రమే ఎక్కువ, ఒకదానితో ఒకటి పోలిస్తే తేడా మూడు వందల కిలోమీటర్ల లోపే. పటం మీద అంత దూరంగా కనిపించే మూడు ఊళ్లు లెక్కలో ఇంత దగ్గరగా రావడం మొదట నమ్మబుద్ధి కాలేదు; దారంతో కూడా కొలిచి చూసుకున్నాను.

దీని వల్ల నిర్ణయం చాలా సులువైంది. దూరం సమానమైనప్పుడు చూడవలసినవి వేరే ఉంటాయి. విరామం ఎన్ని గంటలు, అది ఏ వేళలో పడుతుంది, ఒక గేటు నుంచి మరో గేటుకు వీల్‌చెయిర్ దొరుకుతుందా, యూరప్ మజిలీ అయితే ట్రాన్సిట్ వీసా అవసరమా, శాకాహారం దొరుకుతుందా, రెండో విమానం ఎన్ని గంటలు. ఈ చివరిది మధుమేహం, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లకు ముఖ్యం. గల్ఫ్ మీదుగా అయితే ఒకటి చిన్న ప్రయాణం, మరొకటి పదహారు గంటల సుదీర్ఘ ప్రయాణం. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే మహావృత్త దూరాలు సుమారు 7,100, 8,250 కిలోమీటర్లుగా ఇంచుమించు సమానంగా విడిపోతాయి. మా ఆవిడకు కాళ్లు వాస్తాయి కాబట్టి, తర్వాతి ప్రయాణానికి నేను రెండో రకం దారినే ఎంచుకోవాలని అనుకుంటున్నాను.

కాల వ్యత్యాసం విషయంలో కూడా ఈ వెబ్‌సైట్లను పూర్తిగా నమ్మవద్దు. డల్లాస్ మనకంటే చలికాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర గంటలు వెనక ఉంటుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా వాళ్లు గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, మనం జరపము. టికెట్ మీద హైదరాబాద్‌లో ఉదయం పది గంటలకు బయలుదేరి అదే తేదీ రాత్రి పదకొండున్నరకు డల్లాస్ చేరుతుందని ఉందనుకోండి. జనవరిలో అయితే అది 25 గంటల ప్రయాణం, జూన్‌లో అయితే 24 గంటలు. గడియారంలో అంకెలు అవే, మందుల పట్టికలో మాత్రం గంట తేడా. నేను చూసిన వెబ్‌సైట్లలో ఒకటి ఏడాది పొడవునా ఒకే వ్యత్యాసం చూపింది. టికెట్ మీది రెండు సమయాలనూ మన భారత కాలమానంలోకి మార్చుకుని తీసివేత చేసుకోవడమే క్షేమం.

ఇప్పుడు నేను పాటిస్తున్న పద్ధతి ఇది. దూరం, దారుల పోలిక గ్రేట్ సర్కిల్ మ్యాపర్‌లో చూస్తాను. సమయం కోసం విమానయాన సంస్థ టైమ్ టేబుల్‌నే చూస్తాను, ఎందుకంటే అందులో గేటు వదిలినప్పటి నుంచి గేటు చేరేదాకా పట్టే సమయం ఉంటుంది. విమానం రన్‌వే దాకా నేల మీద కదిలేది, వరసలో ఆగేది అందులోనే కలిసి ఉంటాయి. ఆ విమానం నిజంగా ఎంతసేపు ఎగురుతోందో తెలుసుకోవడానికి విమానాల జాడ చూపే ఫ్లైట్‌రాడార్24 అనే వెబ్‌సైట్‌లో దాని నంబరు ఇచ్చి, గడచిన నాలుగైదు రోజుల వివరాలు రాసుకుంటాను. దుబాయ్–డల్లాస్ విమానానికి ఇలా చేసినప్పుడు, ఒకే వారంలో రోజుకూ రోజుకూ మధ్య అరగంటకు పైగా తేడా కనిపించింది. తర్వాత విరామం కలుపుతాను, ఆ పైన అటు చివర ఇమ్మిగ్రేషన్, లగేజీ కోసం రెండు గంటలు కలుపుతాను. డాక్టరు గారికి ఇవ్వవలసిన అంకె ఇది.

చిన్న దూరాలకు మాత్రం భాగహారం చేసే వెబ్‌సైట్లు కూడా ఫరవాలేదు. శంషాబాద్ నుంచి విశాఖపట్నం మహావృత్త దూరం సుమారు 510 కిలోమీటర్లు. లెక్క ప్రకారం గంటా ఐదు నిమిషాలు, టైమ్ టేబుల్‌లో గంటంబావు అటూ ఇటూ. అక్కడ పది, పదిహేను నిమిషాల తప్పుతో ఎవరికీ ఇబ్బంది లేదు. దూరం పెరిగే కొద్దీ గాలి, గగనతలం, మజిలీల ప్రభావం కూడబడి తప్పు గంటల్లోకి పోతుంది.

మార్కులు వేయమంటే గ్రేట్ సర్కిల్ మ్యాపర్‌కు దూరం, దారుల పోలిక విషయాల్లో ఐదుకు ఐదు వేస్తాను. అది గాలిని లెక్కించదు, కానీ తాను చూపేది మహావృత్తం అని పేరులోనే చెప్పుకుంది. తెలుగులో లేకపోవడం, కోడ్‌లు తెలిసి ఉండాల్సి రావడం నా వయసు వాళ్లకు కాస్త కష్టమే. ఊరి పేరు ఇస్తే నిమిషాలతో సహా సమయం చెప్పే తక్కిన వెబ్‌సైట్లకు దూరానికి నాలుగు వేస్తాను, సమయానికి ఒకటి. నేరుగా విమానం లేని దారికి ఆ సంగతి మొదటి వరసలోనే చెప్పి, పోయే సమయాన్ని వచ్చే సమయాన్ని విడివిడిగా చూపించడం మొదలుపెట్టిన రోజున ఆ ఒకటిని నేనే సంతోషంగా దిద్దుతాను.

మా రెండో ప్రయాణం వచ్చే ఫిబ్రవరిలో. జెట్ స్ట్రీమ్ బలంగా ఉండే నెల కాబట్టి, వెళ్లేటప్పటి పట్టికలో గంటన్నర అదనంగా కలిపి డాక్టరు గారికి ఇప్పటికే ఇచ్చాను. ఆయన ఈసారి పోయేదానికి ఒకటి, వచ్చేదానికి ఒకటి, రెండు వేర్వేరు కాగితాలు రాసిచ్చారు.